నా కోపం వల్ల వచ్చిన జబ్బు కాదిది

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేనే ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే జూలూరుపాడులో పద్మ ఎలాంటిదని ఎవర్ని అడిగినా నా గురించి మొదట చెప్పేది అదే. బోనకల్ నుంచి కోడలిగా వచ్చిన ఏడాది తిరక్కుండానే ఎరువుల కొట్టతనితో, కరెంటాయనతో, మా ఆయన మేనమామతో, అందరితోనూ గొడవ అయింది. దేవుడు నోరిచ్చాడు, వాడుకున్నాను. కానీ ఆ నోటికీ, మొన్న మిరప కోతల్లో నేను చచ్చి బతకడానికీ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో వేళకు ఒప్పించలేకపోయాను, అందుకే రాస్తున్నాను. చదివేవాళ్లలో ఎవరి కాలైనా ఎర్రగా వాచి వేడిగా ఉంటే దీన్ని ఇక్కడే ఆపేసి దవాఖానాకు పొండి. నా గోల తర్వాత వినొచ్చు.

జనవరి, తొలి కోత

మాది మిరప సేద్యం. కోతకు అడవి అవతల నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కూలీలు వస్తారు. చేలోనే గుడిసెలు వేసుకుని కోత అయ్యేదాకా ఉంటారు. వాళ్లు దిగారంటే రైతు ఇంట్లో పెళ్లయినా వాయిదా పడుతుంది గానీ కోత ఆగదు. ఒక్క పూట పని లేదన్నామా, పక్క చేను ఆసామి ట్రాక్టరు తెచ్చి వాళ్లను ఎక్కించుకుపోతాడు.

ఆ హడావుడిలో నా ఎడమ కాలికి, చీలమండ పక్కన, కంప ముల్లు దిగింది. పీకి పారేసి, ఇంత పసుపు అద్ది పనిలో పడ్డాను. తర్వాత అక్కడ ఎర్రగా కమిలి, చెయ్యి పెడితే కాలేటంత వేడెక్కింది. మా అత్తమ్మ రంగమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాలు తన ఒళ్లో పెట్టుకుని చూసింది.

"సర్పి లేసింది పిల్లా. జాజు పెట్టియ్యాలె," అంది.

ఒంటి మీద ఎర్రగా పొక్కి మంట పుట్టే జబ్బును ఇక్కడ సర్పి అంటారు. మా బోనకల్ వైపు అక్కి అంటాం. దానికి దవాఖానా మందు పడదని, కుమ్మరివాళ్ల చేత జాజుతో, అంటే ఎర్రమట్టితో, సింహం బొమ్మ గీయిస్తే జబ్బు ఆ సింహాన్ని దాటి పాకదని పెద్దల నమ్మకం. మా అమ్మకి నడుం మీద గీయించారు, తగ్గింది కూడా. అసలు సర్పి దాని మానాన అది తగ్గే జబ్బని నాకు ఇప్పుడు తెలిసింది. నాది సర్పే కాదు. ముల్లు గుచ్చిన చోట చీము పట్టి లోపల్లోపల పాకుతున్న పుండు. ఆ సంగతి అప్పుడు అత్తమ్మకీ తెలీదు, నాకూ తెలీదు.

కుమ్మరి అవ్వ వచ్చింది. పాపం ఆమెనేమీ అనను, ఒక కొబ్బరికాయ పుచ్చుకుని తనకొచ్చిన పని శ్రద్ధగా చేసింది. చీలమండ నుంచి మోకాలి దాకా జాజు దట్టంగా పూసి దాని మీద జూలు, తోకతో సహా సింహాన్ని గీసింది. దానంతటది ఎండి రాలేదాకా తడి తగలనీయొద్దు, తుడవొద్దు అని కట్టడి. ఎరుపు మీద ఎరుపు పూశారండీ! కింద ఏం పాకుతోందో ఇక ఎవడికి కనపడుతుంది?

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండలో, నాకు వణుకు పుట్టింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి సూది వేశాడు, ఒళ్లు కాస్త చల్లబడింది. ఖమ్మం పోదామని మా ఆయన్ని అడిగాను. ఆయన కల్లంలో కాయ ఎగదోస్తున్నాడు, తల కూడా ఎత్తలేదు.

"సూది ఏసిండు గద, తగ్గుతది. కూలోళ్లను ఇడిసిపెట్టి ఎట్లొస్తనే? రేపు పోదాం."

రేపు మళ్లీ రేపే అయింది. ఈలోగా నా మాట తేడా పడింది. నాకు గుర్తులేదు, తర్వాత చెప్పారు. కల్లంలో ఎండబోసిన కాయ మీద చతికిలబడి, రైలొచ్చింది సంచులు అందుకోండి అని కేకలేశానట. మా ఆయన్ని మా అన్న పేరు పెట్టి తిట్టానట. నీళ్లు తెచ్చిన కూలి పిల్ల చెంబును విసిరికొట్టానట. ఇంకో ఆడది ఎవరైనా అట్లా చేసి ఉంటే ఊరంతా పరిగెత్తుకొచ్చేది. నేను కాబట్టి నవ్వారు.

"దాని జోలికి పోకుండ్రి, ఇయ్యాల గరమ్ మీదున్నది," అన్నాడట మా ఆయన.

మూత్రం ఆగిపోయి, పిలిస్తే పలక్కపోయేసరికి అప్పుడు కారు మాట్లాడాడు. ఖమ్మంలో డ్యూటీ డాక్టరు కాలు చూసి, ఈ రంగేంటి అని తడిగుడ్డతో తుడిచాడట. జాజు పోయింది గానీ ఎరుపు పోలేదు. సింహాన్ని దాటి తొడ దాకా ఎక్కి ఉంది. ఇన్నాళ్లు ఏం చేస్తున్నారయ్యా అని ఆయన మా ఆయన మీద అరిచాడని అత్తమ్మే చెప్పింది. అక్కణ్ణుంచి హైదరాబాదు తరలించారు.

ఫిబ్రవరి, హైదరాబాదు

ఐసీయూ గురించి పెద్దగా చెప్పలేను. దాహం గుర్తుంది. వైరా రిజర్వాయరు మొత్తం తాగేద్దామన్నంత దాహం. గొట్టాలు పీకేసుకుంటున్నానని చేతులు మంచానికి కట్టారు, అదీ గుర్తుంది. తెలివి వచ్చాక చూస్తే ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు, నల్లబడి కుళ్లాయని తీసేశారట. పక్క మంచం ముసలాయన భార్య, నల్లగొండ ఆమె, తన భర్తను చూసుకుని వెళ్తూ నా జుట్టు చిక్కు తీసి జడ అల్లింది. ఆమె పేరు అడిగే ఓపిక కూడా నాకు లేకపోయింది.

అత్తమ్మ మాత్రం ఐసీయూ తలుపు బయట వరండాలోనే పడి ఉంది. మా అత్తమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఇన్నేళ్లలో ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. అలాంటి మనిషి సెక్యూరిటీ వాడితో, "నా కోడల్ని చూడనియ్యకుంటే ఈడనే కూసుంట, తొక్కుకుంట పోండ్రి," అని పోట్లాడిందట. లోపలికొచ్చి నా నుదురు నిమిరి, "నీ తీరు నేర్చుకున్న బిడ్డా," అని నవ్వింది.

అక్కడే డాక్టర్ నీలిమ పరిచయమైంది. ఆమె మందులు రాసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. రక్తంలో విషం పాకే ఈ జబ్బును సెప్సిస్ అంటారట. అది వచ్చినవాళ్ల ఒంట్లో రక్షణ శక్తి ఎట్లా ప్రవర్తిస్తుందో, ఒకే పుండుకి ఒకరు బతికి ఒకరు ఎందుకు పోతారో కనుక్కోవడం ఆమె పని. నా రక్తం కొంచెం కావాలని అడిగింది. ఇవ్వనన్నా నా వైద్యంలో తేడా రాదని కూడా చెప్పింది.

"ఉన్నదంతా తీసుకుపోండి. ఈ జబ్బు సంగతి ఇంత తెలిసినవాళ్లు ఇక్కడ అద్దాల గదుల్లో కూర్చుంటే మా ఊళ్లో ఎవడు చెప్తాడు మాకు?" అన్నాను. గొంతు పెగలక గుసగుసలా వచ్చింది గానీ అరుపే అది.

ఆమె నొచ్చుకోలేదు. కుర్చీ లాక్కుని మా ఆయన్ని అడిగింది. "మనిషిలో తేడా ఎప్పుడు మొదలైంది? చిరాకు, మాట తడబడటం?"

"దానిది ఎప్పుడూ గంతే మేడం," అన్నాడు ఆయన.

"అట్లా అనుకోకండి. ఈ జబ్బు మెదడు మీదా దెబ్బ కొడుతుంది. మనిషి మాట మారడం మొదటి గుర్తుల్లో ఒకటి. ఒక్క రోజు ముందొచ్చినా చాలా తేడా ఉండేది."

ఆయన నేలచూపులు చూశాడు. అప్పుడే అర్థమైపోయింది ఆయనకి. ఆలస్యం నావల్ల అయింది అని ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ముక్కు నేలకు రాయమనడం లేదు నేను, ఒక్క మాట. ఆ మాట ఒప్పుకోని ఇంట్లో ఇదే మళ్లీ జరుగుతుందని నా భయం. ఆయన లేచి టీ తాగడానికి పోయాడు.

ఏప్రిల్, ఇల్లు

ఇంటికొచ్చాక తెలిసింది, బతకడం వేరు, లేవడం వేరు అని. బిందె ఎత్తలేను. తల దువ్వితే జుట్టు పిడికెళ్లుగా ఊడొచ్చేది. పొయ్యి ముందు నిలబడి ఏం వండబోయానో మర్చిపోయి ఏడ్చేదాన్ని. నాలాంటివాళ్లు చదువుతుంటే చెప్తున్నాను, ఇది నెలల తరబడి ఉంటుంది, మెల్లగా పోతుంది. సోమరితనం అని ఎవరైనా అంటే వాళ్ల నోరు మూయించండి.

డాక్టర్ నీలిమ జబ్బు తగ్గాక రక్తం ఎట్లా ఉందో చూడ్డానికి ఐసు డబ్బా పట్టుకుని మా ఊరు వచ్చింది. అత్తమ్మ ఆమెకీ మా ఆయనకీ మజ్జిగ ఇచ్చి ఆమె పక్కన కూర్చుని అడిగింది, అసలు మా కోడలికి ఏమయింది బిడ్డా అని. ఆ పిల్ల ఓపిగ్గా విడమరిచి చెప్పింది.

"క్రిమి ఒక్కటే చేసింది కాదమ్మా. క్రిమిని చంపడానికి ఒంట్లో ఒక రక్షణ ఉంటుంది. ఈమెకు అది మరీ ఎక్కువగా విరుచుకుపడి సొంత కిడ్నీలనీ గుండెనీ కూడా దెబ్బతీసింది. మనం కోపమొచ్చి మన ఇంట్లో గిన్నెలే విసిరికొడతాం చూడండి, అట్లా."

అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "అంటే కోపమే గద బిడ్డా!"

"ఒక రకంగా అంతేనమ్మా. ఒంటి కోపం," అని నీలిమ నవ్వింది.

ఇంకేముంది! ఆమె జీపు ఊరు దాటకముందే ఆ మాట వీధి చివరి దాకా పాకింది. పద్మకి కోపం ఎక్కువై రక్తం విషమైందట. హైదరాబాదు డాక్టరమ్మే చెప్పి పోయిందట. మా ఆయన బుర్ర ఊపుతూ కూర్చున్నాడు. నూతిలో పడ్డవాడికి తాడు దొరికినట్టయింది ఆయనకి. ముల్లు పోయింది, జాజు పోయింది, రేపు రేపు అన్న రోజులు పోయాయి, నా నోరు ఒక్కటి మిగిలింది. చుట్టపుచూపుగా వచ్చిన ప్రతివాడూ, "జర నిమ్మలంగుండమ్మా," అని నాకే చెప్పి పోవడం!

నేను చెప్పాను. అరిచి చెప్పాను. అది మనసులో కోపం కాదు, ఒంట్లో జరిగే పని, సాధుజంతువులాంటి మనిషికైనా వస్తుంది అన్నాను. అరిచినకొద్దీ వాళ్లకి రుజువు దొరికినట్టయింది. అత్తమ్మ నీళ్ల చెంబుతో పరిగెత్తుకొచ్చేది.

"కోపం తెచ్చుకోకు బిడ్డా, రక్తం మళ్ల ఖరాబైతది. నిన్ను ఇంకొకపారి ఆ అద్దాల రూములో చూడలేను నేను."

ఆమె కళ్లల్లో నిజమైన భయం. ఆ భయాన్ని చూసి నోరు మూసుకునేదాన్ని. ఇల్లంతా గుసగుసల మీదే నడిచింది. మోటారు కాలిపోతే కరెంటు లేదన్నారు. దూడ చచ్చిపోతే అమ్మేశామన్నారు. నా చెవిన పడితే కోపమొస్తుందని, కోపమొస్తే చస్తానని, అన్నీ దాచడం మొదలెట్టారు.

ఆగస్టు, వానలు

ముసురు పట్టిన వారం. అత్తమ్మకి షుగరు ఉంది. రెండు మూడు రోజులుగా గదిలోంచి పెద్దగా బయటికి రావడం లేదు. అడిగితే మోకాళ్ల నొప్పులంది. ఒకరోజు మధ్యాహ్నం టీ తీసుకెళ్తే దుప్పటి కప్పుకుని మంచం ఊగేటంతగా వణుకుతోంది.

"లచ్చక్కా, నాట్లు అయినయా?" అంది నన్ను చూసి. లచ్చక్క ఆమె అక్క, చచ్చిపోయి చాలా ఏళ్లయింది.

 దుప్పటి లాగాను. చీర కుచ్చిళ్లు పైకెత్తాను. జాజు. పాదం నుంచి మోకాలి దాకా, నిన్నో మొన్నో పూసిన జాజు. దాని మీద సింహం.

నా కేక విని మా ఆయన వాకిట్లోంచి వచ్చాడు. నన్ను చూశాడు, కాలు చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆయన మొహం చూడగానే అర్థమైంది, కుమ్మరి అవ్వను తీసుకొచ్చింది ఆయనే.

"పసుల పలుపుతాడు రాసుకుపోయి కాలు చెక్కుకుపోయింది. ఎర్రగైతే సర్పి అనుకున్నం. నీకు చెప్పొద్దన్నది అమ్మ. నీ మంచికే..." అన్నాడు.

"నా మంచికా! నా కాలు మీద చూసి కూడా, ఈ ఎరుపేందో తెలిసి కూడా సింహాన్ని గీయించావా? నువ్వు మనిషివేనా?"

ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. వీధంతా విన్నది, విననీ. అరుస్తూనే నూటెనిమిదికి ఫోను చేశాను, అరుస్తూనే ఆమెను ఒళ్లోకి తీసుకున్నాను. అరుపులకి అత్తమ్మకి కాస్త తెలివొచ్చింది. నన్ను గుర్తుపట్టింది.

"చెప్తే నీకు కోపమొస్తది గద బిడ్డా. కోపమొస్తే మళ్ల నీకు గదే జబ్బంటరు. నాదేముంది, ముసల్దాన్ని. రెండు దినాలు ఓర్సుకుంటే తగ్గుతదనుకున్న."

ఖమ్మంలో ఈసారి కాలు తుడవమని నేనే చెప్పాను. తుడిచారు. అక్కడి డాక్టరు అరవలేదు, తల అడ్డంగా ఊపాడు. బెంచీ మీద నేను ఒక చివర, మా ఆయన ఒక చివర. నర్సు వచ్చి పిలిచినప్పుడల్లా ఇద్దరం లేచేవాళ్లం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. పక్కన కూర్చున్న ముస్లిం ముసలామె ఎవరో తన డబ్బాలోంచి రెండు రొట్టెలు మా ఇద్దరి మధ్యలో పెట్టింది.

ఆఖరిసారి లోపలికి పంపినప్పుడు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కోపం తెచ్చుకోకు," అంది.

"తెచ్చుకుంటా. నువ్వు లేచొచ్చి ఆపు," అన్నాను.

ఆమె లేవలేదు.

సెప్టెంబరు

ఊళ్లోకి శవం వచ్చిన మర్నాడు డాక్టర్ నీలిమకు ఫోను చేశాను. ఆ పిల్ల తప్పు ఏపాటిదో నాకు తెలుసు, అయినా వదల్లేదు. మీరు గిన్నెల కథ చెప్పి పోయారు, మా ఇంట్లో ఆ కథ ఒక మనిషిని తినేసింది అన్నాను. జరిగిందంతా చెప్పాను.  

"కోపం అని నేను అనకుండా ఉండాల్సింది," అంది నీలిమ. "ఆ అమ్మ అడిగినప్పుడు 'కాదమ్మా, ఇందులో మీ కోడలి తప్పు లేదు' అని చెప్పాల్సింది. ఆమెకు అర్థమైందని సంతోషపడి వచ్చేశాను."

ఆ పిల్ల ఏడుస్తోందని గొంతులో తెలిసింది. ఓదార్చే మనిషిని కాదు నేను. ఇకమీదట ఎవరింటికి పోయినా ముందు ఆ ముక్క చెప్పు అన్నాను. చెప్తానంది. అందరిలోకీ తప్పయిందని నాతో నేరుగా అన్నది ఆమె ఒక్కతే. అది ఒప్పుకోక తప్పదు.

పెద్దకర్మ రోజు ఇంటినిండా చుట్టాలు. వాకిట్లో టెంటు కింద భోజనాలు. వైరా నుంచి వచ్చిన మా ఆయన మేనమామ ఆకు ముందు కూర్చుని అడిగాడు, "మంచిగనే ఉండె గదరా మీ అమ్మ, ఏమైంది?"

"వయసు మీద పడ్డది గద మామా. షుగరొకటి..." అని మొదలెట్టాడు ఆయన.

నేను పప్పు గిన్నె పట్టుకుని ఆ వరసలోనే ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. నేను అరుస్తానని చూశాడేమో. అరవలేదు. గరిటె ఎత్తకుండా అక్కడే నిలబడిపోయాను. వడ్డన ఆగిపోయింది.

ఆయన మేనమామ వైపు తిరిగాడు. "కాదు మామా. కాలు ఎర్రగైతే జాజు పూసి దాసిపెట్టినం. దవాఖానాకు నేనే తోలుకపోలే. జనవరిల పద్మకు గిట్లనే అయింది. అప్పుడు గూడ నేనే రేపు రేపు అన్న. దాని కోపం గాదు, ఏం గాదు. నేను పోనియ్యలే."

"పోనీలేరా, రాత," అన్నాడు మేనమామ.

"రాత గాదు మామా, నేను," అని అక్కడే చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

జనవరి నుంచి ఆ మాట కోసమే ఎదురుచూశాను. విన్నాక పప్పు వడ్డించడం మొదలెట్టాను, ఆకులు ఎదురుచూస్తున్నాయి కాబట్టి. కోపం ఒక్క రవ్వ తగ్గలేదు, తగ్గించుకోను కూడా. నా జబ్బు నా నోటి వల్లే వచ్చిందని నమ్ముతూ పోయింది అత్తమ్మ. దాని కోపం గాదు అన్న మాటే ఆయన ఏప్రిల్‌లో, మజ్జిగ తాగుతూ కూర్చున్న ఆ రోజు, ఆమె ముందర అని ఉంటే నాకు కాలు చూపించేది.